ఏది ఏ కోవది? పల్నాడు రాళ్లతో, నీళ్లతో పదార్థాలను వర్గీకరించడం ఎలా

పిడుగురాళ్ల సున్నపు బట్టీలోకి వెళ్లేది రాయి. అందులోంచి బయటికొచ్చేదీ చూడ్డానికి రాయే. కాస్త తెల్లబడి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే కాస్త తేలిగ్గా అనిపిస్తుంది, అంతే. రెంటి మీదా నీళ్లు చల్లితే మాత్రం తేడా బయటపడుతుంది. పచ్చిరాయి తడిసి ఊరుకుంటుంది. కాలిన రాయి బుసలు కొట్టి, ఆవిర్లు కక్కి, పగిలి పిండైపోతుంది. కంటికి అందని తేడాను గుక్కెడు నీళ్లు పట్టిచ్చాయి.

రసాయనశాస్త్రంలో పదార్థాల వర్గీకరణ అంతా ఇలాగే నడుస్తుంది. ఒక ప్రశ్న, దానికో పరీక్ష, వచ్చిన జవాబును బట్టి ఇంకో ప్రశ్న. మన పిల్లలు తొమ్మిదో తరగతిలో ఈ పాఠాన్ని చెట్టులాంటి పటం గీసి నేర్చుకుంటారు. పైన పదార్థం, దాని కింద శుద్ధ పదార్థం, మిశ్రమం. శుద్ధ పదార్థం కింద మూలకం, సంయోగ పదార్థం. మిశ్రమం కింద సజాతీయం, విజాతీయం. పరీక్షలో ఆ పటం చక్కగా వేసేస్తారు. ఇత్తడి చెంబు చేతికిచ్చి “దీన్ని ఎక్కడ పెడతావమ్మా?” అంటే మాత్రం ఆగిపోతారు. గళ్ల పేర్లు తెలుసు. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లే దారి ఎవరూ నడిపించలేదు. నా లెక్కలో ఈ పాఠానికి ప్రాణం ఆ దారే. కాబట్టి కింద చెప్పేవన్నీ చదివి వదిలేయకుండా చేసి చూడండి. సామాను చాలావరకు ఇంట్లోదే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

నాపరాయి ముక్క ఒకటి కావాలి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కల ఇళ్లలో నేలకు పరిచే నాపబండ సున్నపురాయే కనుక, బండలు కోసేచోట పడి ఉండే పెచ్చు చాలు. తాంబూలంలోకి వాడే సున్నం, ఉప్పు, పంచదార, ఎర్ర కారం, పాలు, వంటసోడా, వెనిగర్, నూనె తీసుకోండి. రాగి తీగ ముక్క, ఇత్తడి వస్తువు ఏదైనా ఒకటి. బోరు నీళ్లు, కాలువ నీళ్లు, తాగడానికి తెచ్చుకునే ఫిల్టరు నీళ్లు విడివిడిగా పట్టుకోండి. పనిముట్లుగా నాలుగు గాజుగ్లాసులు, టార్చి లేదా ఫోన్ లైటు, అయస్కాంతం, పల్చటి తెల్లగుడ్డ, స్టీలు పళ్లెం, స్ట్రా, 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిళ్లు, గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు ఉంటే బాగుంటుంది.

బట్టీ నుంచి వచ్చిన పొడిసున్నం, అంటే నీళ్లు తగలని కాలిన రాయి, పిల్లలు ముట్టుకోకూడదు. అది నీళ్లు తాగేటప్పుడు పుట్టే వేడికి నీళ్లే మరుగుతాయి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. మన ప్రయోగాలకు తాంబూలపు సున్నం చాలు. అదైనా కళ్లకు దూరంగా ఉంచి, పని కాగానే చేతులు కడుక్కోండి.

మొదటి ప్రశ్న: అసలిది పదార్థమేనా?

బరువు ఉండి, చోటు ఆక్రమించేదేదైనా పదార్థమే. గాలి సంగతి అనుమానంగా ఉంటే, ఖాళీ గ్లాసు బోర్లించి నిటారుగా నీళ్లలోకి నొక్కండి. నీళ్లు లోపలికి నిండా ఎక్కవు. లోపలి గాలి చోటివ్వడం లేదన్నమాట. పొగ, ఆవిరి పదార్థాలే. ఎండలోని వెలుగు, పొయ్యి వేడి, గుడి గంట చప్పుడు పదార్థాలు కావు.

రెండో ప్రశ్న: ఘనమా, ద్రవమా, వాయువా?

రాసి పక్కన పెట్టండి, ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు. స్థితి మారినంత మాత్రాన పదార్థం మారదు. మంచుగడ్డ, నీళ్లు, ఆవిరి మూడూ ఒకే సంయోగ పదార్థం. చాలామంది మొదట్లో ఈ స్థితినే వర్గీకరణ అనుకుని ఆగిపోతారు. అసలు వర్గీకరణ లోపల ఏముందో అడిగినప్పుడు మొదలవుతుంది.

మూడో ప్రశ్న: ఇందులో ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తున్నాయా?

వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. గురజాల చేలోని నల్లమట్టిని గుప్పెడు తీసుకుంటే ఇసుకరేణువులు, వేరుముక్కలు, తెల్లటి సున్నపుగుళ్లు వేరువేరుగా కనిపిస్తాయి. ఆరబెట్టి అయస్కాంతం తిప్పితే నల్లటి రేణువులు కొన్ని అంటుకుని వస్తాయి కూడా. ఇలా భాగాలు విడివిడిగా కనిపిస్తే అది విజాతీయ మిశ్రమం. 

కారం ఇంకా ఆసక్తికరమైనది. మెత్తగా ఆడించిన కారప్పొడి దూరానికి ఒకే ఎరుపు. చెంచాడు కారాన్ని ఒక గ్లాసులో నీళ్లలోనూ, ఇంకో గ్లాసులో గోరువెచ్చటి నూనెలోనూ కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. నూనె ఎర్రబడుతుంది, పొట్టు అడుగున తేరుతుంది. నీళ్లకు మాత్రం ఆ రంగు పెద్దగా పట్టదు. మిరపకాయలోని ఎర్రరంగు, మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనెలో కరుగుతాయి, నీళ్లలో దాదాపు కరగవు. కారం తిని నోరు మండినప్పుడు నీళ్లు తాగితే తగ్గక, వెన్న తీయని పెరుగు తింటే కాస్త ఊరట కలగడానికి ఇదొక కారణం. ఒక ద్రావణిలో కొంత భాగం కరిగి కొంత మిగిలిందంటే, మనం కలిపింది ఒకే పదార్థం కాదని తేలినట్టే.

భాగాలను వడపోయడం, జల్లించడం, అయస్కాంతంతో లాగడం, తేర్చడం, ఆవిరి చేయడం, వీటన్నిటినీ భౌతిక పద్ధతులంటారు. వీటిలో ఏ పదార్థమూ తన గుణం పోగొట్టుకోదు. భౌతిక పద్ధతికి లొంగి విడిపోయిందంటే అది మిశ్రమం. ఈ ఒక్క సూత్రాన్ని గట్టిగా పట్టుకోండి.

నాలుగో ప్రశ్న: ఒకేలా కనిపిస్తోంది, మరి నిజంగా ఒకేలా ఉందా?

ఇక్కడ టార్చి కావాలి. మూడు గ్లాసుల్లో ఫిల్టరు నీళ్లు పోయండి. మొదటిదాంట్లో చెంచాడు ఉప్పు, రెండోదాంట్లో నాలుగైదు చుక్కల పాలు, మూడోదాంట్లో చిటికెడు మెత్తటి మట్టి వేసి కలపండి. గది చీకటి చేసి, పక్కనుంచి టార్చి వేసి, అడ్డంగా చూడండి. ఉప్పునీళ్లలో వెలుగు నడిచిన దారి కనిపించదు. పాలు కలిపినదాంట్లో వెలుగు బాట తెల్లగా మెరుస్తుంది. మట్టినీళ్లలోనూ కనిపిస్తుంది, కానీ కదపకుండా వదిలేస్తే మట్టి చాలావరకు అడుగుకు దిగుతుంది.

కరిగిన ఉప్పు కణాలు వెలుగును చెదరగొట్టలేనంత చిన్నవి. అది ద్రావణం, అంటే సజాతీయ మిశ్రమం. పాలలోని కొవ్వు, ప్రొటీన్ల కణాలు అంతకంటే పెద్దవి, వెలుగును చెదరగొడతాయి, అయినా అడుగుకు దిగవు. ఇది కొల్లాయిడ్. వెలుగు చెదిరే ఈ తీరుకు టిండాల్ ప్రభావమని పేరు. మట్టినీళ్లు అవలంబనం. కొల్లాయిడ్, అవలంబనం రెండూ విజాతీయాల కిందికే వస్తాయి. పాలు విజాతీయమంటే నమ్మబుద్ధి కాదు, కానీ టార్చి చెప్పింది అదే.

నాగార్జునసాగర్ కుడికాలువకు కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో పట్టిన నీళ్లు ఒక రాత్రి ఉంచినా పూర్తిగా తేటపడవు. పెద్ద రేణువులు దిగిపోయినా సన్నటి బంకమట్టి కణాలు అలాగే తేలుతుంటాయి. ఆ కణాలన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక అవి గుంపు కట్టి బరువెక్కవు. పటిక కలిపితే ఆ ఆవేశం చెల్లిపోయి, కణాలు గుమిగూడి, బరువెక్కి కిందికి దిగుతాయి. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి ఇదే పని చేసేవారు.

ఐదో ప్రశ్న: తేటగా ఉంది, వెలుగూ చెదరలేదు. శుద్ధ పదార్థమేనా?

తొందరపడకండి. ఉప్పునీళ్లూ తేటగానే ఉన్నాయి కదా. ద్రవమైతే ఆవిరి చేసి చూడాలి. బోరు నీళ్లు, కాలువ నీళ్లు (ముందు గుడ్డలో వడకట్టి), ఫిల్టరు నీళ్లు ఒక్కో పావు లీటరు విడివిడిగా పళ్లెంలో పోసి సన్నటి సెగ మీద ఇంకించండి. పల్నాడు బోరు నీళ్లకు పళ్లెం అడుగున తెల్లటి పొర మందంగా కడుతుంది. సున్నపురాయి పొరల మధ్య నిలిచిన నీళ్లు కాల్షియం లవణాలను మోసుకొస్తాయి. కాలువ నీళ్లకు తక్కువ, ఫిల్టరు నీళ్లకు ఇంకా తక్కువ మిగులుతుంది. మనం “స్వచ్ఛమైన నీళ్లు” అనేవన్నీ రసాయనశాస్త్రం లెక్కలో మిశ్రమాలే. స్వేదనం చేసిన నీళ్లు మాత్రం దాదాపు శుద్ధ పదార్థం కిందికి వస్తాయి.

ఇంకో గుర్తు మరిగే ఉష్ణోగ్రత. శుద్ధమైన నీళ్లు నరసరావుపేటలో సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి, చివరి చుక్క దాకా ఆ అంకె దగ్గరే ఉంటాయి. ఉప్పునీళ్లు అంతకంటే పైన మరుగుతాయి, మరిగేకొద్దీ చిక్కబడి ఆ అంకె ఇంకా పెరుగుతుంది. 

ఘనరూపంలోని సజాతీయ మిశ్రమాలు కన్నును మరీ మోసం చేస్తాయి. ఇత్తడి చెంబును భూతద్దంలో చూసినా ఒకటే పసుపు. కానీ అది రాగి, జింకు కలిసిన మిశ్రమలోహం. పాళ్లు మార్చుకోవచ్చు, రంగు కాస్త మారుతుంది, అయినా దాన్ని ఇత్తడి అనే అంటాం. నగల దుకాణంలో 916 బంగారం అంటే వెయ్యి భాగాల్లో 916 బంగారం, మిగతాది రాగి, వెండి వంటివి. కాబట్టి మెడలోని గొలుసు మిశ్రమం, అందులోని బంగారం మూలకం. పాళ్లు మన ఇష్టానికి మారుతున్నాయా అని అడగండి. మారితే మిశ్రమమే.

ఆరో ప్రశ్న: శుద్ధ పదార్థమే అయితే, ఇంకా విడగొట్టగలమా?

ఇక్కడ నిలబడి చూడాల్సింది చాలా ఉంది. భౌతిక పద్ధతులకు లొంగనిది రసాయన మార్పుతో రెండు మూడు పదార్థాలుగా విడిపోతే సంయోగ పదార్థం. ఎలాంటి రసాయన మార్పుతోనూ విడిపోకపోతే మూలకం. ఇప్పటివరకు తెలిసిన మూలకాలు 118.

నీళ్లతో మొదలుపెట్టండి. ఫిల్టరు నీళ్లలో అర చెంచా వంటసోడా కలపండి. రెండు పెన్సిళ్లను రెండు చివర్లా చెక్కి, పై మొనలను తీగలతో 9 వోల్టుల బ్యాటరీకి కలిపి, కింది మొనలను నీళ్లలో ముంచండి. రెండు మొనల దగ్గరా బుడగలు లేస్తాయి. రుణధ్రువం వైపు లేచేది హైడ్రోజన్, ధనధ్రువం వైపు ఆక్సిజన్. హైడ్రోజన్ రెండింతలు వస్తుంది కనుక ఆ మొన దగ్గర బుడగల జోరు ఎక్కువ. వంటసోడా బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంటి కరెంటు ప్లగ్గు దగ్గరికి అసలు పోకండి. ఈ ప్రయోగాన్ని 1800లో ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు చేశారు. పంచభూతాల్లో ఒకటిగా, విడదీయరానిదిగా లోకం వేల ఏళ్లు భావించిన నీటిని బ్యాటరీతో రెండు వాయువులుగా విడగొట్టి చూపారు. 

ఇక మన నాపరాయి. ముందుగా అది శుద్ధ పదార్థమో కాదో చూద్దాం. పెచ్చును నలగ్గొట్టి, పొడిచేసి, 5 గ్రాములు తూచి గాజుగ్లాసులో వేయండి. వెనిగర్ కొద్దికొద్దిగా పోయండి. సన్నటి బుడగలు నురగలా లేస్తాయి. నాపబండల మీద నిమ్మరసం ఒలికితే నునుపు పోయి మచ్చ పడేది ఈ చర్యవల్లే. మామూలు 5 శాతం వెనిగర్ అయితే 5 గ్రాములకు లెక్కప్రకారం 120 మిల్లీలీటర్లు కావాలి, కాస్త ఎక్కువే పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. బుడగలు పూర్తిగా ఆగాక చూస్తే అడుగున బూడిదరంగు మడ్డి మిగిలి ఉంటుంది. కొత్త వెనిగర్ పోసినా అది నురగలెత్తదు. వడకట్టి, ఆరబెట్టి, తూచండి. అది రాయిలో కలిసి ఉన్న బంకమట్టి, సిలికా వగైరా. అంటే నాపరాయి మిశ్రమం, అందులో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేట్ అనే సంయోగ పదార్థం. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి: వెనిగర్ చేసింది భౌతికమైన విడదీత కాదు, కార్బొనేట్ మారిపోయింది. అయినా మారినదొకటి, మారనిదొకటి ఉన్నాయని చూపడానికి ఆ మడ్డి చాలు.

ఆ మడ్డి ఎంతన్నదాని మీదే రాయి విలువ ఆధారపడుతుంది. సున్నపు బట్టీకి మడ్డి తక్కువున్న రాయి కావాలి. సిమెంటు ఫ్యాక్టరీకి కొంత బంకమట్టి, సిలికా ఎలాగూ అవసరం కనుక అక్కడ వేరే రకం రాయీ పనికొస్తుంది. ఒకే ప్రాంతపు రాయి ఒకచోట బట్టీకి, ఒకచోట సిమెంటుకు, ఒకచోట నేల బండకు పోవడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

మిశ్రమం పాళ్లు రాయికీ రాయికీ మారతాయి. లోపలి కాల్షియం కార్బొనేట్ పాళ్లు మాత్రం మారవు. నూరు గ్రాముల్లో 40 కాల్షియం, 12 కార్బన్, 48 ఆక్సిజన్. పిడుగురాళ్ల రాయిలోదైనా, కోడిగుడ్డు పెంకులోదైనా, బాపట్ల ఒడ్డున దొరికే గవ్వలోదైనా ఇదే లెక్క. సంయోగ పదార్థం పాళ్లు ఎప్పుడూ మారవని ఫ్రెంచి రసాయనవేత్త ప్రౌస్ట్ 18వ శతాబ్దం చివర్లో వాదించి నిలబెట్టాడు. మిశ్రమానికీ సంయోగ పదార్థానికీ మధ్య గీత గీయడానికి దీన్ని మించిన గుర్తు లేదు.

ఇప్పుడు బట్టీలోకి వెళ్దాం. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్షియం కార్బొనేట్ విడిపోతుంది. పూర్తిగా కాలితే 100 కిలోల శుద్ధ కార్బొనేట్‌కు 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. కాలిన రాయి చేతికి తేలిగ్గా తగిలేది అందుకే. స్కాట్లండుకు చెందిన వైద్యుడు జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ తరుగును త్రాసుతో పట్టుకుని, పోయింది ఒక రకం వాయువని నిరూపించాడు. ఒకటి రెండుగా విడిపోయింది, కాబట్టి కార్బొనేట్ సంయోగ పదార్థమే.

పోయిన ఆ వాయువును మీరు ఇంట్లోనే తిరిగి సున్నంలో చేర్చవచ్చు. చెంచాడు తాంబూలపు సున్నం అర లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైతేటను మెల్లగా ఇంకో గ్లాసులోకి వంచండి. అదే సున్నపుతేట. లీటరు నీళ్లలో రెండు గ్రాములకు లోపే కరుగుతుంది కనుక అడుగున చాలా మిగిలిపోతుంది, ఫర్వాలేదు. తేటలోకి స్ట్రాతో మెల్లగా ఊదండి, పొరపాటున కూడా పీల్చకండి. తేట పాలలా తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అయింది. గోడకు వేసిన వెల్ల నాలుగు రోజుల్లో గట్టిపడేదీ ఇలాగే, గాలిలోంచి ఆ వాయువును తీసుకుని. ఓపికగా ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు తగ్గి మళ్లీ తేటపడుతుంది, కార్బొనేట్ ఇప్పుడు కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. ఆ తేటను మరిగించండి, మళ్లీ తెల్లబడుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లటి గార కట్టేదీ ఇందుకే.

ఇంతకీ మిగిలిన ఆ 56 కిలోల సున్నం మూలకమా, సంయోగమా? దాన్ని ఎంత కాల్చినా ఇంకేమీ విడిపోదు. ఫ్రాన్సులో లవోజియే 1789లో తన రసాయనశాస్త్ర గ్రంథంలో 33 మూల పదార్థాల పట్టిక ఇచ్చినప్పుడు సున్నాన్నీ అందులో చేర్చాడు. ఇలాంటి మట్టిపదార్థాలు మున్ముందు మూలకాలుగా నిలబడకపోవచ్చని అనుమానం కూడా రాసిపెట్టాడు. అదే పట్టికలో వెలుగుకూ వేడికీ చోటిచ్చాడు, మన మొదటి ప్రశ్నకే అవి నిలవవు. 1808లో లండన్లో హంఫ్రీ డేవీ తడి సున్నానికి పాదరసపు ఆక్సైడ్ కలిపి, విద్యుత్తు పంపి, పాదరసంలో చిక్కిన కొత్త లోహాన్ని వేరుచేశాడు. అది కాల్షియం. సున్నం కాల్షియం ఆక్సైడ్ అని తేలి మూలకాల పట్టికలోంచి దిగిపోయింది.

కాబట్టి “వేడిచేసినా విడిపోలేదు” అన్నంత మాత్రాన మూలకమని రాయకండి. పంచదారను చెంచాలో వేడిచేస్తే ఆవిరి పోయి నల్లటి బొగ్గు మిగులుతుంది, సంయోగ పదార్థమని వెంటనే తెలుస్తుంది. ఉప్పు అలా కాదు, 801 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుందే తప్ప విడిపోదు. కరిగిన ఉప్పులోకి విద్యుత్తు పంపితేనే సోడియం, క్లోరిన్ వేరవుతాయి. మీ నోటుబుక్కులో ఏ పరీక్ష చేశారో రాసి, దాని పక్కన జవాబు రాయండి.

ఏడో ప్రశ్న: మూలకమైతే లోహమా, అలోహమా?

రాగి తీగను సుత్తితో కొడితే చదునవుతుంది, విద్యుత్తును పంపుతుంది, గీరితే మెరుస్తుంది. లోహం. గంధకం కొడితే పొడవుతుంది, విద్యుత్తును పంపదు. అలోహం. నీళ్లను విడగొట్టడానికి వాడిన పెన్సిలు మొనలోని గ్రాఫైటు కార్బనే, అలోహం, అయినా విద్యుత్తును పంపింది. అందుకే ఒక్క గుణం చూసి తీర్పు ఇవ్వకూడదు. (పెన్సిలు మొన పూర్తి గ్రాఫైటు కాదు, బంకమట్టి కలిసిన మిశ్రమం.) ఈ రెంటి మధ్య సిలికాన్ వంటి అర్ధలోహాలు కొన్నున్నాయి.

మెరుపు చూసి మోసపోవడానికి మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. వినుకొండ దాటి బొల్లాపల్లి మండలంలో, బండ్లమోటు దగ్గర ఒకప్పుడు హిందుస్థాన్ జింక్ సంస్థ సీసపు గని నడిపింది. అక్కడి ఖనిజం గెలీనా. వెండిలా ధగధగలాడుతుంది, నీటికి ఏడున్నర రెట్లు బరువు తూగుతుంది. చూసినవాళ్లెవరైనా లోహమనే అంటారు. సుత్తితో కొడితే సాగకుండా చిన్నచిన్న ఘనాలుగా పగిలిపోతుంది. అది సీసం, గంధకం కలిసిన సంయోగ పదార్థం, సీసమే బరువులో సుమారు 87 శాతం. సీసం విషం కనుక అలాంటి రాయి దొరికినా నలగ్గొట్టకండి, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. అది ఉన్న రాతిపొరతో కలిపి చూస్తే విజాతీయ మిశ్రమం, వేరుచేసిన గెలీనా సంయోగ పదార్థం, దాన్నుంచి తీసిన సీసం మూలకం. పటంలోని మూడు గళ్లూ ఒకే గనిలో ఉన్నాయి.

అభ్యాసానికి

పటిక, కల్లుప్పు, అగరుబత్తి పొగ, అల్యూమినియం గిన్నె, మజ్జిగ, పాదరసం, సోడాబుడ్డి, పత్తి. ఒక్కోదాన్ని మొదటి ప్రశ్న నుంచి నడిపించండి. సోడాను మూత తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి అడగండి. కల్లుప్పును నీళ్లలో కరిగించి వడకట్టకుండా శుద్ధమని రాయొద్దు.

చివరిగా సిమెంటు బస్తా పెట్టుకోండి. మెత్తటి బూడిదరంగు పొడి, కంటికి ఒకటే, జల్లించినా ఒకటే. మూడో ప్రశ్న దగ్గర మన దగ్గరున్న పరీక్షలు చాలవు, సూక్ష్మదర్శిని కావాలి. అందులో చూస్తే వేరువేరు స్ఫటికాలు కనిపిస్తాయి. సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చితే వచ్చిన కాల్షియం సిలికేట్లు రెండు రకాలు, కాల్షియం అల్యూమినేటు, ఇనుము చేరినది ఇంకొకటి, పైన కలిపిన జిప్సం. విజాతీయ మిశ్రమం అని రాయండి. ఆ తర్వాత కొంచెం సిమెంటును కర్రతో నీళ్లలో కలిపి, చేత్తో తాకకుండా, గట్టిపడనివ్వండి. ఎండలో పెట్టి ఎంత ఆరబెట్టినా, మళ్లీ పొడిచేసినా పాత సిమెంటు తిరిగిరాదు, నీళ్లు అందులో కలిసి కొత్త సంయోగ పదార్థాలయ్యాయి. ఆ గట్టి ముక్కకు నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, మళ్లీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెట్టండి.